సగం బిగించిన రెక్క

శనివారం సాయంత్రం ఐదున్నరకు సురేందర్ ఒక అబద్ధం ఆడాడు.

“అయిపోయింది టీచరమ్మా,” అన్నాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

టీచరమ్మ అంటే ప్రభావతి. ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆమె ముందుగదికి వీధి వైపు నిలువెత్తు కిటికీ ఒకటుంది. నడుమెత్తు దాకా ఇనుప చువ్వలు, ఆపైన ఖాళీ, బయటికి తెరుచుకునే రెండు టేకు రెక్కలు. ఎడమ రెక్క ఏడాదిగా తెరుచుకోవడం లేదు. వానలకు ఉబ్బింది. పైగా పండగ పండగకూ రంగు మీద రంగు పూయడంతో చౌకట్టుకు అంటుకుపోయింది.

సురేందర్ పొద్దుటి నుంచి దానితో కుస్తీ పట్టాడు. రంగు గీకాడు. రెక్కను ఊడదీసి, చువ్వల మీదుగా లోపలికి దించుకుని, ఉబ్బిన అంచుకు చిత్రిక పట్టాడు. అంతవరకూ పని బాగానే సాగింది. తిరిగి తగిలించేటప్పుడే తెలిసింది, పై రెండు మడతబందుల దగ్గర చౌకట్టు కర్ర గుల్లబారిపోయిందని. స్క్రూలు పట్టు లేకుండా వట్టిగా తిరుగుతున్నాయి.

దానికి మందు లేకపోలేదు. ఆ బొక్కల్లో వెదురు పుల్లలు జిగురు పెట్టి దిగగొట్టాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. మర్నాడు వాటిలో కొత్తగా బొక్కలు వేసి పొడుగు స్క్రూలు ఎక్కించాలి. జిగురు ఆరకముందే ఎక్కిస్తే పుల్లలతో సహా ఊడి వస్తాయి. సురేందర్ పుల్లలు కొట్టాడు. అవి ఆరేదాకా రెక్క నిలబడడానికి పొట్టి స్క్రూలు పెట్టాడు. గట్టిగా ఉన్నది కింది బందు ఒక్కటే. రెక్క మూసి, గొళ్ళెం పెట్టి ఉంటే భయం లేదు. తెరిస్తే మాత్రం ఇరవై కిలోల కర్రా అద్దమూ ఆ పొట్టి స్క్రూల మీద వేలాడాలి.

అంటే మర్నాడు వచ్చి పూర్తి చేయాల్సిన పని. మర్నాడేమో అమావాస్య. అందులోనూ ఆదివారం అమావాస్య.

అమావాస్య నాడు సురేందర్ పనిముట్టు ముట్టడు. ఈ ఊళ్ళో మేస్త్రీలూ వడ్రంగులూ చాలామంది ముట్టరు. అతనికి పని నేర్పిన ఉస్తాద్ పోచయ్య జీవితంలో ఒక్కసారి, పెళ్ళివాళ్ళు మంచం కోసం ప్రాణం తీస్తే, అమావాస్య నాడు రంపం మిషన్ ఆన్ చేశాడు. కుడిచేతి రెండు వేళ్ళు ఆ పూటే పోయాయి. ఆ మూడు వేళ్ళ చేత్తోనే సురేందర్ చేతిలో ఉలి పెట్టి, పట్టు నేర్పాడు. అది చూస్తూ పెరిగినవాడికి ఇంకెవరూ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సంగతి టీచరమ్మకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పొద్దున సంచి దించగానే ఆమె అన్న మాట అడ్డం పడింది.

“చూడు సురేందర్, సగం పని చేసి మాయమయ్యేటోళ్ళను చూసి చూసి యాష్టకొచ్చింది. రేపు అమావాస్య, ఎల్లుండి పాడ్యమి అని కథలు చెప్పకు. ఇయ్యాల పూర్తి చేస్తవా, ఇంకొకన్ని పిలుచుకోనా?”

నవ్వుతూనే అంది. ఆ నవ్వే అతన్ని చిన్నబుచ్చింది. చదువుకున్నవాళ్ళ ముందు అమావాస్య అంటే ఎలా చూస్తారో అతనికి తెలుసు. అందుకే సాయంత్రం “అయిపోయింది” అన్నాడు. సోమవారం పొద్దున్నే ‘ఒకసారి చూసిపోదామని వచ్చిన’ అంటూ వచ్చి, పొడుగు స్క్రూలు ఎక్కించి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. ‘రెండు రోజులు తెరవకున్రి’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. వానల్లో కిటికీ ఎవరు తెరుస్తారులే అనుకుని మెట్లు దిగాడు.

ఆదివారం పొద్దున నాంపల్లిలో, స్టేషన్ వెనక కిరాయి గదిలో, తల్లి లక్ష్మీనర్సమ్మ పనిముట్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, తెల్లగుడ్డలో మూటకట్టి గూట్లో పెట్టింది. సురేందర్ తలకు పోసుకుని, టిఫిన్ తిని, చాప మీద నడుం వాల్చాడు. పది దాటాక ఫోన్ మోగింది. వాట్సాప్‌లో టీచరమ్మ పంపిన ఫొటో, దాని వెంట ఆమె గొంతు.

“సురేందర్, ఏడాది తర్వాత నా ఆదివారం నాకు దొరికింది. చూడు, పుస్తకాలోళ్ళు ఎట్ల పరుచుకుని కూసున్నరో! ఇల్లంతా ముక్కిన వాసన కొడుతున్నది, అందుకే తెరిచిపెట్టి పోతున్న. ఖైరతాబాద్‌ల మా తమ్మునింటికి పోయి సాయంత్రం వస్త. మంచి పని చేసినవ్. సల్లగుండు.”

ఫొటోలో రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. వాటి మధ్య నుంచి, ఆదివారం కదా, దుకాణాలు మూసిన ఫుట్‌పాత్ పొడుగునా పరిచిన పుస్తకాలు, వాటి మీద వంగిన తలలు. సురేందర్ వేళ్ళతో ఫొటో పెద్దది చేశాడు. ఎడమ రెక్క పై బందు దగ్గర, కర్రకూ బందుకూ మధ్య నల్లటి గీత కనిపించింది. నిన్న అక్కడ దారం దూరే సందు లేదు. ఇప్పుడు వేలు పడుతుంది.

చాప మీద లేచి కూర్చున్నాడు.

ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. నాలుగోసారి కూడా మోగి మోగి ఆగిపోయింది. బయట రేకుల మీద గాలి దబదబమంటోంది. మృగశిర కార్తె వెళ్ళాక రెండు వానలే పడ్డాయి, గాలి మాత్రం రోజూ వీస్తోంది. లేచి గూట్లో మూట అందుకున్నాడు.

“ఏంది? ఏం చేస్తున్నవ్?” వంటింటి గుమ్మంలో లక్ష్మీనర్సమ్మ.

“అబిడ్స్ పోయొస్త.”

“చేతిల ఏంది?”

“పనుంది అమ్మా.”

“ఇయ్యాల ఏం దినమో ఎరుకేనా నీకు? ఐతారం అమాస! అండ్ల ఇనుము ముడుతవా? పోచయ్య ఏళ్ళు యాదికి లెవ్వా?”

“ఉన్నయే. నేను పోకపోతె ఎవలన్న సస్తరు.”

“పోతె నువ్వు సస్తవ్ గద కొడకా!”

ఆమె ఏడుపు గొంతుతో వచ్చి వీధి గుమ్మానికి అడ్డం నిలబడింది. సురేందర్ ఆమె భుజాలు పట్టి పక్కకు జరిపాడు. తల్లిని అలా జరపడం అతనికి అదే మొదలు. కాళ్ళు చెప్పుల్లో సరిగ్గా దూరకుండానే మెట్లు దిగాడు.

స్టేషన్ రోడ్డు ఎక్కి పరుగు అందుకున్నాడు. ఆటోవాడు ఒకడు “అబిడ్సా?” అంటూ పక్కన నెమ్మదించాడు గానీ, బేరానికి ఆగే ఓపిక అతనికి లేదు. గాలి వీచిన ప్రతిసారీ రెక్క పడిన చప్పుడు చెవిలో వినిపించింది. దాని తర్వాత ఎవరో అరిచిన అరుపు. మళ్ళీ గాలి, మళ్ళీ చప్పుడు. దారిలో ఒక అంబులెన్స్ ఎదురొచ్చింది. అది అబిడ్స్ వైపు నుంచే వచ్చింది. సురేందర్ నిలువునా ఆగిపోయి, అది దాటి వెళ్ళేదాకా దాని అద్దాల వైపే చూశాడు. లోపల ఏమీ కనిపించలేదు. మళ్ళీ పరుగెత్తాడు.

అబిడ్స్ చేరి తలెత్తాడు. రెక్క ఇంకా పడలేదు.

అది మూడో అంతస్తులో, ఆకాశంలోకి తెరిచి ఉంది. పైకొన చౌకట్టును వదిలేసి బయటికి ఒరిగింది. గాలికి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి తల ఊపుతోంది. సరిగ్గా దాని కింద పసుప్పచ్చ టార్పాలిన్ మీద పోటీ పరీక్షల పుస్తకాలు కుప్పలుగా పోసి, పెంటయ్య కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. చుట్టూ పదిమంది దాకా మోకాళ్ళ మీద కూర్చుని వెతుక్కుంటున్నారు. గోడకు ఆనుకుని ఒక కాలేజీ పిల్ల, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒళ్ళో పుస్తకం తెరిచి చదువుకుంటోంది.

“అన్నా, జర అందరు జరుగున్రి,” అన్నాడు సురేందర్ రొప్పుతూ. “మీదికెల్లి నీళ్ళు పడుతయి.”

నిజం ఇప్పుడూ నోట్లోంచి రాలేదు. అబద్ధమే వచ్చింది.

పెంటయ్య అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు. “ముప్పై ఏండ్ల సంది కూసుంటున్న గీడ. మీద టీచరమ్మ ఉంటది. ఆమె చుక్క నీళ్ళు గూడ పారబొయ్యది, చెట్లకు పోస్తది. ఐతారం నాడు నా బేరం చెడగొట్టనీకి ఎవడు పంపిండు తమ్మీ నిన్ను? ఆ మూల మీది యాదిగిరేనా?”

నలుగురు నవ్వారు. ఎవరో, “నీళ్ళు పడితె మంచిదే, ఉడకపోస్తున్నది,” అన్నారు.

గాలి ఒక్కసారి ఊపింది. పైన కర్ర కిర్రుమంది. ఆ చప్పుడు సురేందర్‌కు తప్ప ఎవరికీ వినిపించలేదు.

“నేను వడ్రంగి పని చేస్త!” అతని గొంతు కీచుగా లేచింది. “గా కిటికీ నిన్న నేనే బిగించిన. సగమే బిగించిన. అయిపోయిందని టీచరమ్మకు అబద్ధం చెప్పిన. అది పడతది. మీ మీద పడతది. దండం పెడ్త, లేవున్రి!”

నవ్వులు ఆగాయి. పెంటయ్య తల ఎత్తి చూశాడు. చూస్తూనే ఒక్క ఉదుటున లేచి చేతులు ఊపాడు.

“లేవున్రి, లేవున్రి! పడితె నా పుస్తకాల మీద పడనియ్యి, మనుషులు లేవున్రి!”

జనం చెల్లాచెదురయ్యారు. గోడవారగా ఉన్న పిల్లకు మాత్రం ఏమీ వినపడలేదు. ఆమె పేజీ తిప్పింది. పెంటయ్య చేతికందిన లావుపాటి పుస్తకం ఒకటి ఆమె ఒళ్ళోకి విసిరాడు. ఆమె ఉలిక్కిపడి, “ఏందంకుల్!” అని లేచి, కోపంగా నాలుగడుగులు ముందుకు వచ్చింది.

ఆమె వెనక బండ మీద టింగుమని ఏదో పడి ఎగిరింది. సురేందర్ వంగి తీసుకున్నాడు. పొట్టి స్క్రూ. దానికి వెదురు పీచు అంటుకుని ఉంది, జిగురు ఇంకా మెత్తగానే ఉంది.

అది చూశాక ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

“నేను గీడ నిలబడుత. ఎవన్ని రానియ్య,” అన్నాడు పెంటయ్య. “నువ్వు మీదికి పో. పోవయ్యా, ఏం చూస్తున్నవ్!”

మెట్లు రెండేసి ఎక్కాడు. మూడో అంతస్తులో తలుపుకు తాళం. ఫోన్ తీశాడు, టీచరమ్మ ఇంకా ఎత్తడం లేదు. తాళం గట్టిది గానీ, అది వేలాడే పాత గడియకు స్క్రూలు బయటికే కనిపిస్తున్నాయి. నాలుగు విప్పితే తలుపు తెరుచుకుంటుంది.

మూట విప్పాడు. పసుపు అంటిన స్క్రూడ్రైవర్ పిడి చేతిలోకి వచ్చింది. ఆదివారం అమావాస్య. మొదటి స్క్రూ మీద మొన ఆనించాడు. తన వేళ్ళ వైపు ఒకసారి చూసుకున్నాడు, అయిదూ ఉన్నాయి. తిప్పాడు.

“ఏయ్! ఎవడ్రా నువ్వు?”

ఎదురింటి తలుపు తెరుచుకుంది. లుంగీ, బనియన్, చేతిలో పేపర్. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో క్యాషియర్‌గా చేసి దిగిపోయిన లక్ష్మణరావు.

“పట్టపగలు తాళం విప్పుతున్నవా? పోలీసులను పిలుస్త!”

“పిలువున్రి సార్. నన్ను ముందు విప్పనియ్యిన్రి, తర్వాత పిలువున్రి.”

అలాంటి జవాబు లక్ష్మణరావు ఊహించలేదు. అతనికి ఏం చేయాలో తోచేలోపు సురేందర్ ఫోన్ మోగింది. టీచరమ్మ. స్పీకర్ నొక్కి ఫోన్ నేల మీద పెట్టి, స్క్రూ తిప్పుతూనే మాట్లాడాడు.

“ఏంది సురేందర్, ఇన్నిసార్లు చేసినవ్? మెట్రోల ఉంటి, వినపడలే.”

“టీచరమ్మా, నిన్న పని కాలే. అయిందని అబద్ధం చెప్పిన. పై బందులకు పట్టు లేదు. రెక్క తెరిస్తె నిలవదు. ఇప్పుడు వేలాడుతున్నది. కింద మందిని లేపినం. నేను మీ తలుపు గడియ విప్పుతున్న.”

చెబుతూనే సురేందర్ రెండో స్క్రూ తీశాడు.

“అక్కడ ఎవరున్నరు?” ఆమె గొంతు మారిపోయింది.

“నేనున్న ప్రభావతిగారూ, లక్ష్మణరావును.”

“విప్పనియ్యండి. మీరు కూడ లోపలికి పోండి. ఒక్కన్ని పోనియ్యకండి.”

తలుపు తెరుచుకోగానే గాలి ముఖానికి కొట్టింది. గదిలో కాగితాలు ఎగురుతున్నాయి. సురేందర్ కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వల పైనుంచి వంగాడు. కిందికి చూడకూడదనుకున్నాడు, చూశాడు. పసుప్పచ్చ టార్పాలిన్ అరచేతి అంత ఉంది. దాని అంచున పెంటయ్య రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. అవతల జనం మళ్ళీ పోగయ్యారు, ఇప్పుడు చూడడానికి.

పై బందు పూర్తిగా ఊడిపోయింది. నడిమి బందు ఒక్క స్క్రూ మీద ఉంది. రెక్కను లోపలికి లాగాలంటే ముందు దాని అంచు అందాలి. అది మూర దూరంలో ఉంది.

“సార్, నా నడుము పట్టుకోన్రి.”

“నాకు బీపీ ఉందయ్యా,” అన్నాడు లక్ష్మణరావు. అంటూనే వచ్చి, రెండు చేతులూ సురేందర్ నడుముకు చుట్టి, తల అతని వీపుకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. “పట్టుకున్న. పట్టుకున్న. తొందరగ కానియ్యి.”

సురేందర్ పొట్ట చువ్వల పైకమ్మీకి ఒత్తుకుంటుండగా ఇంకా బయటికి జరిగాడు. వేళ్ళ చివరలు కర్రకు తగిలాయి, జారాయి. గాలి రెక్కను అవతలికి తోసింది. కిర్రుమని నడిమి బందు వదిలింది. రెక్క మొత్తం కింది బందు మీద మెలి తిరిగి కిందికి వంగింది. కింద ఒక్క గొంతుతో అరుపు లేచింది. వంగిన రెక్క అంచు తిరిగి వెనక్కి వచ్చినప్పుడు సురేందర్ రెండు చేతులతో అందుకున్నాడు. బరువు భుజాలను ఊడదీసినంత పని చేసింది. అద్దం అంచు అరచేతిని కోసింది. వదల్లేదు.

“లాగున్రి సార్!”

ఇద్దరూ కలిసి వెనక్కి పడ్డట్టు లాగారు. రెక్క వచ్చి చౌకట్టుకు ధడేలుమని తగిలింది. కింది బందు ఒక్కటే, నిన్న సరిగ్గా బిగించినది ఒక్కటే, దాన్ని పట్టుకుని ఉంది. సురేందర్ భుజంతో రెక్కను అదిమి ఉంచాడు. లక్ష్మణరావు పరుగున వెళ్ళి తన వరండాలో బట్టలారేసే తాడు తెంపి తెచ్చాడు. రెక్కను చువ్వలకు ఒకటికి నాలుగు చుట్లు చుట్టి కట్టారు. ముడి వేశాక కూడా సురేందర్ చెయ్యి తీయడానికి భయపడ్డాడు. తీశాడు. రెక్క కదలలేదు.

ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. అరచేతి నుంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. వేళ్ళు మడిచి చూసుకున్నాడు, అన్నీ కదిలాయి. కింద పెంటయ్య ఎవరినో గట్టిగా తిడుతున్నాడు: “కట్టిండు గద, ఇంక ఏం సినిమా? పుస్తకాలు కొంటె కొనున్రి, లేకుంటె నడువున్రి!”

తలుపు బయట, నేల మీద ఫోన్ నుంచి టీచరమ్మ పిలుస్తూనే ఉంది. లక్ష్మణరావు వెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

“ఎవరికన్న తాకిందా?”

“లేదు టీచరమ్మా. కట్టేసినం. ఎవలకేం కాలే.”

ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. తిడుతుందనుకుని సురేందర్ కాచుకున్నాడు. తిట్టలేదు.

“అమావాస్య అనే గద చెప్పలేదు?”

“ఔ.”

“నేను నవ్విన. అది నా తప్పు, ఒప్పుకుంట. కానీ ఒకటి అడుగుత, నిజం చెప్పు. నెలకొక అమావాస్య వస్తది. ప్రతి నెల ముందు రోజు పనికి గిట్లనే ‘అయిపోయింది’ అంటవా?”

సురేందర్ లక్ష్మణరావు వైపు చూశాడు. అతను చూపు తిప్పుకున్నాడు.

“ఏదన్న ఆరేది ఉంటె... అంట టీచరమ్మా. కానీ అమావాస్య ఎల్లంగనే పోయి పూర్తి చేస్త. ఒట్టు. ప్రతిసారి పోయి...”

మాట మధ్యలో ఇంకో కిటికీ గుర్తొచ్చింది.

పోయిన అమావాస్యకు ముందు రోజు. మే నెల. గన్‌ఫౌండ్రీ సందులో రెండో అంతస్తు, శ్రీపతి ఇల్లు. కూలర్ నీళ్ళు కారి కారి కిటికీ చౌకట్టు పుచ్చిపోతే, ఇలాగే పుల్లలు కొట్టి, పొట్టి స్క్రూలు పెట్టాడు. రెక్క తెరిచి, బయట స్టాండు మీదున్న కూలర్‌కు ఆనించి ఉంది, కాబట్టి పడే భయం లేదు. మర్నాడు కాక, ఆ మర్నాడు వెళ్ళాడు. ఇంటికి తాళం. ఎండాకాలం సెలవులని ఊరికి వెళ్ళారు. మళ్ళీ రావాలి అనుకున్నాడు. తర్వాత ఖైరతాబాద్‌లో పెద్ద పని తగిలింది. ఆ తర్వాత అది మనసులోనే లేదు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. వానలు మొదలైతే అందరూ కూలర్లు తీసి లోపల పెట్టుకుంటారు. ఆ పని పెట్టుకునేది ఆదివారమే. ఆ కిటికీ కిందనే మెట్లు, ఆ మెట్ల మీద ఎప్పుడూ పిల్లలు.

“సురేందర్? ఉన్నవా?”

“టీచరమ్మా, ఇంకొకటున్నది,” అన్నాడు. ఫోన్ కట్ చేసి, రక్తపు వేలితో పేరు వెతికాడు. వేలు జారింది. లక్ష్మణరావు తన లుంగీ అంచుతో ఆ ఫోన్ అద్దం తుడిచి, “ఎవరు? పేరు చెప్పు,” అని తనే నొక్కాడు.

మోగింది. రెండోసారి. మూడోసారి. సురేందర్ అప్పటికే ఫోన్ అందుకుని, మూట చంకన పెట్టుకుని మెట్ల దగ్గర ఉన్నాడు. అయిదోసారి మోగాక ఎత్తారు. వెనక బర్రుమని ఇనుప స్టాండు మీద ఏదో బరువైనదాన్ని జరుపుతున్న చప్పుడు.

“చెప్పు సురేందర్, జర బిజీ ఉన్న,” అన్నాడు శ్రీపతి. “కూలర్ తీస్తున్నం...”

“తియ్యకున్రి సార్!” మెట్ల మీదే అరిచాడు సురేందర్. “ఎక్కడిదక్కడ ఆపున్రి. రెక్కను పట్టుకోన్రి. కింద పిల్లలను లేపున్రి. పోయిన నెల పని అయిపోయిందని చెప్పిన, అది కాలే సార్. సగమే చేసిన.”

అవతల ఎవరో “ఆగు, ఆగు!” అన్నారు. జరుపుతున్న చప్పుడు ఆగింది. తర్వాత శ్రీపతి ఫోన్ వదిలేసి, కిటికీలోంచి కిందికి పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా పిలవడం వినిపించింది. సురేందర్ ఫోన్ చెవికి అదిమి పెట్టుకుని, ఎవరు పలుకుతున్నారో, ఎవరు ఇంకా పలకలేదో వింటూ, గన్‌ఫౌండ్రీ వైపు పరుగెత్తాడు.